తిరగని బేరింగే ముందు అరుగుతుంది

మా హాల్లో సీలింగ్ ఫ్యాను బిగించి పదేళ్లయింది. ఇంతవరకు దాని బేరింగు మార్చాల్సిన పని పడలేదు. నిమిషానికి సుమారు 350 చుట్లు తిరిగే ఫ్యాను రోజుకు పది గంటలు నడిస్తే 2,10,000 చుట్లవుతాయి. పదేళ్లకు లెక్కేస్తే 76 కోట్లు దాటుతుంది. అదే ఇంటి వరండాలో నా మౌంటెన్ బైక్ గోడకు ఆనించి ఉంటుంది. దాని వెనక సస్పెన్షన్‌లోనూ అలాంటి బేరింగులే ఉన్నాయి. బిగించిన రోజు నుంచి అవి ఒక్క పూర్తి చుట్టు కూడా తిరగలేదు. ఎంత ఎత్తు నుంచి దూకి దిగినా ఇరవై డిగ్రీలకు మించి కదలవు. అయినా రెండు వానాకాలాలు గడిచేసరికి తుప్పుపట్టి, వేలితో తిప్పితే ఇసుకలో తిప్పినట్టు గరగరమన్నాయి.

సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా వాడే బేరింగు నంబరు 6202. నా బైక్ వెనక భాగంలో ఉన్నది 6902. రెండింటి లోపలి రంధ్రం సరిగ్గా 15 మిల్లీమీటర్లే. రెండూ ఉక్కువే, రెండింట్లోనూ రెండు రింగుల మధ్య గోళీలే. ఒకటి రోజూ గంటల తరబడి తిరిగి పదేళ్లు నిలిచింది. రెండోది దాదాపు కదలకుండానే పాడైంది. ఎక్కువ తిరిగేదే ఎక్కువ అరుగుతుందని మనం అనుకుంటాం కదా. మరి ఇక్కడ ఎందుకు తిరగబడింది? సస్పెన్షన్ భాగాలు ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్న ప్రశ్నలు రెండూ ఈ చిక్కుముడిలోనే ఉన్నాయి.

"టక్" ఎక్కడిది?

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో ఎర్రమట్టి బాటలున్నాయి. వాన పడితే ఆ మట్టి మెత్తటి ముద్దలా బైక్‌లోని ప్రతి సందులోకీ చేరుతుంది. అక్కడే ఒక ఆదివారం, చిన్న బండ మీంచి దిగినప్పుడు సీటు కింద "టక్" మని వినిపించింది. చెవి కంటే ముందు నడుముకు తెలిసింది. పెడల్ మీద నిలబడినప్పుడు లేదు, సీటు మీద కూర్చుని లేస్తే ఉంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే బోల్టులన్నీ గట్టిగా బిగించి పంపారు. చప్పుడు నాలుగు రోజులు తగ్గి, అయిదో రోజు మళ్లీ వచ్చింది. ఈసారి తోడుగా కీచుమనే మూలుగు కూడా. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న మన సామెత గుర్తొచ్చింది.

బిగించినా తగ్గని ప్లే, అంటే వదులు, అరుగుదలకే గుర్తు. లోహం పోయిన చోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీని బోల్టు పూడ్చలేదు. పైగా మితిమీరి బిగిస్తే బేరింగు రింగులు పక్కకు నొక్కుకుపోయి, ఉన్న నాలుగు నెలల ఆయుష్షు కూడా తగ్గుతుంది. కాబట్టి ముందు చేయాల్సింది చప్పుడు ఎక్కడ పుడుతోందో కనిపెట్టడం.

దానికి పనిముట్లు అక్కర్లేదు. బైక్‌ను నేల మీద నిలబెట్టి, ఒక చేత్తో సీటు వెనక పట్టుకుని, చక్రం నేలను విడవకుండా కొద్దిగా పైకెత్తి వదలాలి. రెండో చేతి వేళ్లను షాక్ అబ్జార్బర్ పై కొసన, ఫ్రేమూ బోల్టూ కలిసే సందు మీద ఆనించి ఉంచాలి. ప్లే ఉంటే ఆ రెండు భాగాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కదలడం వేలికి తెలుస్తుంది. వెంట్రుక మందమంత కదలికను కూడా వేలికొస పట్టేస్తుంది. తర్వాత కింది కొస, తర్వాత ఒక్కో కీలు. నా బైక్‌లో పై కొస గట్టిగా ఉంది. కింది కొస కదిలింది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే పెడళ్ల పైనున్న ప్రధాన కీలు కూడా కదిలింది. అంటే పాడైనవి రెండు. ఒకటి షాక్ కొసలోని బుష్, ఒకటి కీలులోని బేరింగు. రెండింటి జబ్బులూ వేరు.

కీళ్లున్న సైకిల్

మామూలు సైకిల్ ఫ్రేము ఒకే కట్టు. ఫుల్ సస్పెన్షన్ బైక్ ఫ్రేము రెండు ముక్కలు. వెనక చక్రాన్ని మోసే త్రికోణం ముందు భాగానికి కీళ్లతో అతుక్కుని ఉంటుంది. చక్రం రాయి ఎక్కితే ఆ త్రికోణం పైకి లేచి, మధ్యలో ఉన్న షాక్‌ను నొక్కుతుంది. షాక్‌లో గాలి గానీ స్ప్రింగు గానీ ఆ దెబ్బను దాచుకుని తిరిగి ఇస్తుంది. నూనె సన్నటి రంధ్రాల గుండా దూరుతూ ఆ తిరిగిచ్చే వేగాన్ని అదుపు చేస్తుంది. సస్పెన్షన్ అంటే అందరి చూపూ ఈ షాక్ మీదే ఉంటుంది, ధర కూడా దానిదే. కానీ ఆ కదలిక అంతా నడిచేది కీళ్ల మీద. మన మోకాలు లాంటివే అవి. కండరం ఎంత బలంగా ఉన్నా మోకాలు అరిగితే నడక ఉండదు.

ఈ కీళ్లు మోసే బరువు చూడండి. చాలా బైకుల్లో వెనక చక్రం 150 మిల్లీమీటర్లు లేస్తే షాక్ నొక్కుకునేది 60 మిల్లీమీటర్లే. దూరం రెండున్నర రెట్లు తగ్గింది కాబట్టి బలం రెండున్నర రెట్లు పెరుగుతుంది. ఏతం మొదట్లో నిలబడి తొక్కితే కొస ఎంత లేస్తుందో, ఎంత బరువనిపిస్తుందో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. వెనక చక్రం మీద 55 కిలోల బరువు పడితే షాక్ కొసన ఉన్న బోల్టు మీద పడేది సుమారు 137 కిలోలు. ఇది ఊరికే కూర్చున్నప్పటి లెక్క. బండ మీంచి దిగిన క్షణంలో ఇది ఎన్నో రెట్లు అవుతుంది. ఆ బోల్టు మందం 8 మిల్లీమీటర్లు.

రుబ్బురోలు చెప్పే సంగతి

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాం. బేరింగులో గోళీ, అది దొర్లే గాడి ఒకదాన్నొకటి తాకకూడదు. వాటి మధ్య గ్రీజులోని నూనె పలచటి పొరగా నిలబడాలి. ఫ్యాను తిరుగుతున్నప్పుడు ప్రతి గోళీ ముందుకు దొర్లుతూ తన ముందున్న నూనెను కిందికి లాక్కుంటుంది. నొక్కుకుపోయి పక్కకు జరిగిన నూనె, వెనక వచ్చే గోళీ చేరేలోపు మళ్లీ గాడిలోకి వస్తుంది.

రుబ్బురోలు దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది కళ్ల ముందు కనబడుతుంది. పొత్రం తిరుగుతుంటే పిండి అంచులకు పోతుంది. ఒక చెయ్యి పొత్రాన్ని తిప్పుతుంటే రెండో చెయ్యి ఆ పిండిని లోపలికి తోస్తూనే ఉంటుంది. ఆ రెండో చెయ్యి ఆగితే పిండి పక్కనే ఉండిపోయి, రాయి రాయిని రాసుకుంటుంది. బేరింగులో ఆ రెండో చేతి పని చేసేది పూర్తి చుట్టే.

బైక్ కీలుకు ఆ చెయ్యి లేదు. గులకరాళ్ల బాట మీద కీలు ఊగేది నాలుగైదు డిగ్రీలు. 6902 బేరింగులో గోళీలు ఇంచుమించు మిరియపు గింజంత ఉంటాయి. బేరింగు అయిదు డిగ్రీలు ఊగితే గోళీ గాడి మీద దొర్లే దూరం సుమారు అర మిల్లీమీటరు. అంటే గోళీ తాను కూర్చున్న చోటు దాటి పోనే పోదు. అర మిల్లీమీటరు ముందుకు, అర మిల్లీమీటరు వెనక్కి. మొదటి కొన్ని వందల ఊపుల్లోనే ఆ చోటి నూనె పక్కకు పిండుకుపోతుంది. తిరిగి తెచ్చేవాడు లేడు. గ్రీజు అంతా బేరింగులోనే, గోళీకి గోరంత దూరంలో ఉంటుంది. అందాల్సిన చోటికి మాత్రం అందదు.

తర్వాత జరిగేది మరీ ఘోరం. పొర పోయాక ఉక్కు ఉక్కును తాకుతుంది. నునుపుగా కనిపించే గాడి మీద కూడా కంటికి అందని మిట్టలుంటాయి. బరువు కింద అవి ఒకదానికొకటి అతుక్కుని, మరుసటి ఊపులో చిట్లుతాయి. చిట్లిన సన్నటి ఇనుప రజను గాలి తగలగానే ఆక్సైడుగా మారుతుంది. అదే ఎర్రటి పొడి. చాలామంది అది వాన నీటి వల్ల వచ్చిన తుప్పే అనుకుంటారు. ఎండలోనే తొక్కిన బైక్‌లోనూ ఈ ఎర్రపొడి వస్తుంది, ఎందుకంటే అది రాపిడి నుంచి పుట్టింది. ఆ పొడి గరుకు కాగితం చేసే పనే చేస్తుంది. అరిగిన కొద్దీ పొడి, పొడి పెరిగిన కొద్దీ అరుగుదల. కొన్నాళ్లకు ఒక్కో గోళీ కింద ఒక్కో చిన్న గుంట తయారవుతుంది.

బాక్స్: బ్రినెల్ గుంట, దొంగ బ్రినెల్ గుంట
స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోహాల గట్టితనాన్ని కొలిచే పద్ధతి చూపించాడు. గట్టి ఉక్కు గోళీని లోహం మీద నిర్ణీత బలంతో నొక్కి, పడిన గుంట వెడల్పును కొలవడమే ఆ పద్ధతి. అందుకే బేరింగు గాడిలో గోళీ నొక్కుకుని పడ్డ గుంటకు కూడా ఆయన పేరే వచ్చింది. ఇది ఒక్క పెద్ద దెబ్బతో పడుతుంది. రెండో రకం గుంట చూడ్డానికి అలాగే ఉన్నా దెబ్బతో పడింది కాదు, చిన్న ఊపులతో అరిగి ఏర్పడింది. అందుకే దాన్ని దొంగ బ్రినెల్ గుంట అంటారు. జనరల్ మోటార్స్ పరిశోధకుడు ఆల్మెన్ 1937లో దీని గురించి రాశాడు. రైళ్లలో దూర ప్రాంతాలకు పంపిన కొత్త కార్లలో, ఎవరూ నడపకముందే చక్రాల బేరింగులు పాడై ఉండేవి. చక్రాలు తిరగలేదు. బండి బరువు మోస్తూ, రైలు కుదుపులకు దారిపొడవునా ఊగాయి, అంతే. ఎంత దూరం వెళ్తే అంత నష్టం.

ఈ గుంట మీకూ తెలిసిందే. పాత మోటారు సైకిల్ హ్యాండిల్ తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో, బండి తిన్నగా పోయే చోట, ఎవరో పట్టుకున్నట్టు ఆగుతుంది. మెకానిక్ చూడగానే "కోన్‌సెట్ పోయింది" అంటాడు. హ్యాండిల్ రోజంతా తిన్నగా ఉండి, గతుకులకు అక్కడక్కడే అదురుతుంది. ఆ ఒక్క స్థానంలోనే గుంటలు పడతాయి. పక్కకు తిప్పితే నునుపు, మధ్యకు తెస్తే నొక్కు. బైక్ కీలులో జరిగిందీ అదే.

దీనికి తోడు నీళ్లు. బేరింగు పక్కనున్న రబ్బరు సీలు దుమ్మును, చిలకరింపును ఆపగలదు. గట్టిగా కొట్టే నీటి ధారను ఆపలేదు. బురద వదలాలని ప్రెషర్ వాషర్‌తో కీళ్ల మీద కొడితే, నీళ్లు సీలు పెదవిని పక్కకు తోసి లోపలికి పోతాయి. లోపలికి పోయినంత సులువుగా బయటికి రావు. బైక్ పైకి తళతళలాడుతుంది, లోపల బేరింగు నానుతూ ఉంటుంది. బకెట్ నీళ్లు, పాతగుడ్డ, మెత్తటి బ్రష్ చాలు. ఈ ఒక్క మాట వింటే చాలా బేరింగుల ఆయుష్షు పెరుగుతుందని నా నమ్మకం.

బుష్: దోసె పెనానికి చుట్టం

షాక్ కొసల్లో చాలా బైకుల్లో గోళీల బేరింగు ఉండదు. అక్కడ బుష్ ఉంటుంది. చూడ్డానికి ఉంగరమంత రేకు గొట్టం. కదలిక కొద్దిగా, బరువు విపరీతంగా, చోటు ఇరుకుగా ఉన్న దగ్గర గోళీ కంటే బుష్ మేలు. గోళీ బరువును చుక్కంత చోట మోపుతుంది. బుష్ దాన్ని అరచేతితో పట్టుకున్నట్టు వెడల్పుగా మోస్తుంది.

ఆ రేకు నిజానికి మూడు పొరలు. వెలుపల ఉక్కు, మధ్యలో స్పాంజిలా రంధ్రాలున్న కంచు, లోపలి ముఖాన టెఫ్లాన్ కలిసిన పలచటి పూత. అవును, నాన్‌స్టిక్ దోసె పెనం మీద ఉండేదే. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ ఒక వాయువు సిలిండర్ తెరిస్తే ఏమీ బయటికి రాలేదు. తూకం వేస్తే బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల మైనంలాంటి తెల్లటి పొడి. వాయువు తనంతట తానే ఘన పదార్థంగా మారిపోయింది. దానికి ఏదీ అంటుకోదు. ఆ జారుడు గుణమే బుష్‌లో గ్రీజు పని చేస్తుంది. కొద్దికొద్దిగా అరుగుతూ, పిన్ను మీద తానే సన్నటి పూతగా అంటుకుని, ఆ తర్వాత తన మీద తాను జారుతుంది.

పూత మందం వెంట్రుక కంటే తక్కువ. అది అయిపోతే కింద కంచు బయటపడుతుంది. కాబట్టి బుష్ పని అయిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. షాక్ విప్పి, పిన్ను తీసి, లోపల చూడండి. బూడిదరంగు ఉంటే ఇంకా ఆయువుంది. పసుపు మెరుపు కనిపిస్తే మార్చాలి. నా బైక్‌లో కింది బుష్‌కు ఒక పక్క మొత్తం పసుపే. బరువు ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది కాబట్టి ఒక పక్కే అరిగింది, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది. అల్యూమినియం పిన్ను మీద కూడా గోటికి తగిలే మెట్టు పడింది. అందుకే బుష్ మార్చినప్పుడు పిన్నును, పక్కల ఉండే స్పేసర్లను కూడా మార్చాలి. పాత పిన్నుకు కొత్త బుష్ వేస్తే నెల తిరక్కుండా మొదటికొస్తుంది.

కొనేముందు కొలతలు ముఖ్యం. చాలా షాకుల్లో బుష్ లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. బోల్టు ఎక్కువగా 8 మిల్లీమీటర్లది. కానీ ఫ్రేము చెవుల మధ్య వెడల్పు బైక్‌కూ బైక్‌కూ మారుతుంది. దాన్ని స్కేలుతో కాదు, వెర్నియర్‌తో కొలవాలి. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వస్తే తెచ్చిన సరుకు వృథా.

తలుపు బందు లెక్క

వెంట్రుకంత ఖాళీకి ఇంత హడావిడా అనిపించవచ్చు. తలుపు బందు కొద్దిగా వదులైతే ఏమవుతుంది? బందు దగ్గర ఆ కదలిక కంటికి కూడా కనబడదు. తలుపు అవతలి అంచు మాత్రం వేలెడు కిందికి జారి గడపను రాసుకుంటుంది. దూరం పెరిగిన కొద్దీ వదులు పెరుగుతుంది. బైక్‌లో ప్రధాన కీలుకు రెండు పక్కల ఉన్న బేరింగుల మధ్య దూరం 7 సెంటీమీటర్లనుకుందాం. అక్కడి నుంచి వెనక ఇరుసు 44 సెంటీమీటర్లు. కీలు దగ్గర పది వంతుల్లో ఒక వంతు మిల్లీమీటరు వదులుంటే, ఇరుసు దగ్గరికి ఆరు రెట్లు దాటుతుంది. టైరు వెనక అంచుకు వచ్చేసరికి మిల్లీమీటరు మించుతుంది. వంపులో రాళ్ల మీద చక్రం తనంతట తాను దిక్కు మార్చుకుంటున్నట్టు అనిపించేది ఇందుకే.

అంతకంటే నన్ను బాధపెట్టేది ఫ్రేముకు జరిగే నష్టం. వదులైన బేరింగు ప్రతి దెబ్బకూ తన గూటిని సుత్తిలా కొడుతుంది. బేరింగు గట్టి ఉక్కు, గూడు మెత్తటి అల్యూమినియం. గూడు వెడల్పయిందంటే కొత్త బేరింగు కూడా అందులో నిలవదు. వందల రూపాయల బేరింగు మార్చనందుకు లక్షల రూపాయల ఫ్రేము పోతుంది. పక్కకు లాగే కీళ్ల మధ్య షాక్ కడ్డీ కూడా ఒరిగి, పూత గీసుకుపోతుంది.

రాణిగంజ్‌లో

బేరింగుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. మోటార్లకు, పంపులకు, మిషన్లకు కావలసిన సామాను అమ్మే వీధులవి.

"అన్నా, 6902 బేరింగులు నాలుగు కావాలి."

"దేనికి సార్, మోటర్‌కా?"

"సైకిల్‌కి."

దుకాణదారు నా ముఖం చూశాడు. "సైకిల్‌కి గిదెందుకు సార్? గోళీలే కద ఉండేది." ఫోన్‌లో ఫొటో చూపించాక అర్థమైంది. "రేకు సీలుది ఇయ్యాల్నా, రబ్బరుది ఇయ్యాల్నా? తిరిగేదానికైతే రేకుది సాలు. నీళ్లల్ల, దుమ్ముల ఉండేదైతే రబ్బరుదే తీస్కో."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రేకు సీలుకు, రింగుకు మధ్య సందు ఉంటుంది. వేగంగా తిరిగేదానికి రాపిడి లేకుండా అది మంచిది. రబ్బరు సీలు రింగును తాకుతూ ఉంటుంది. కొద్దిగా బిగువు, కానీ కాపలా గట్టిది. బైక్ కీలుకు వేగంతో పనే లేదు.

వేగం లేదన్న ఈ కారణంతోనే మరో రకం కూడా వచ్చింది. మామూలు బేరింగులో గోళీల మధ్య ఖాళీలుంటాయి. అవి ఒకదాన్నొకటి రాసుకోకుండా ఒక పంజరం పట్టి ఉంచుతుంది. మ్యాక్స్ రకంలో పంజరం తీసేసి ఆ చోటంతా గోళీలతో నింపుతారు. ఫ్యానులో వేస్తే గోళీలు ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కిపోతాయి. ఊగే కీలులో మాత్రం ఎక్కువ గోళీలు బరువును పంచుకుంటాయి. నేను అడిగిన దుకాణంలో అది దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

బాక్స్: బేరింగు మీద అంకెలు
6902లో మొదటి 6 అంటే ఒకే వరుస గోళీలున్న, లోతు గాడి బేరింగు. 9 అంటే పలచటి రకం. చివరి రెండంకెలు లోపలి రంధ్రం కొలత. 00 అయితే 10 మిల్లీమీటర్లు, 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17. 04 నుంచి ఆ అంకెను అయిదుతో హెచ్చించాలి. 6202 కూడా 02తోనే ముగుస్తుంది కాబట్టి దాని రంధ్రమూ 15. కానీ దాని వెలుపలి వ్యాసం 35, మందం 11. 6902ది 28, 7. పక్కన టూ ఆర్‌ఎస్ అని ఉంటే రెండువైపులా రబ్బరు సీళ్లు, జెడ్ జెడ్ అని ఉంటే రేకు. ఈ అంకెలు తెలిస్తే బైక్ కంపెనీ పేరు చెప్పాల్సిన పని లేదు.

ఎక్కడ తోయాలి?

మార్పిడిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. కొత్త బేరింగును గూట్లోకి ఎక్కించేటప్పుడు దేన్ని తోస్తున్నామన్నది. గూడు పట్టుకునేది వెలుపలి రింగును. తోయాల్సింది కూడా దాన్నే. లోపలి రింగును తోస్తే ఆ బలం గోళీల గుండా వెలుపలి రింగుకు పోతుంది. బిగువుగా కూర్చునే బేరింగును కదిలించడానికి పెట్టే ఆ బలానికి గోళీలు గాడిలో గుంటలు పెడతాయి. ఇది దొంగది కాదు, అసలు బ్రినెల్ గుంటే. ఒక్క కిలోమీటరు తొక్కకముందే బేరింగు ముసలిదైపోతుంది. సుత్తితో కొట్టి ఎక్కించినా ఇంతే.

నేను చేసింది చెబుతాను. పొడవాటి మరబోల్టు, రెండు నట్లు, కొన్ని వాషర్లు తీసుకున్నాను. తీసేసిన పాత బేరింగును పారేయకుండా కొత్తదాని మీద పెట్టాను. వెలుపలి రింగు మీద వెలుపలి రింగు సరిగ్గా కూర్చుంటుంది. నట్టును మెల్లగా తిప్పుతుంటే బేరింగు తిన్నగా లోపలికి జారింది. చివర కూర్చోగానే చేతికి పట్టు మారినట్టు తెలుస్తుంది, అక్కడ ఆపాలి. పాత బేరింగు గూట్లోనే ఇరుక్కోకుండా దాని అంచును కొద్దిగా అరగదీసి వాడాను.

ముందురోజు రాత్రి కొత్త బేరింగులను ఫ్రీజరులో పెట్టడం కూడా పనికొస్తుంది. 28 మిల్లీమీటర్ల ఉక్కు రింగు 45 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరులో వెయ్యోవంతులు పదిహేను దాకా కుంచించుకుంటుంది. వినడానికి ఏమీ కాదు. కానీ బిగువు ఉండేదే ఆపాటి తేడాతో. మన వడ్రంగి, కమ్మరి కలిసి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించిన తీరు ఇదే సూత్రం. పట్టాను నిప్పుల్లో కాల్చి, పెరిగినప్పుడు తొడిగి, నీళ్లు పోస్తే అది బిగుసుకుపోయేది. ఇక్కడ వేడి బదులు చలి. కార్బన్ ఫ్రేముకు మాత్రం వేడి తగలనీయకూడదు.

గ్రీజు గురించి ఒక మాట. ఫ్యాక్టరీ నుంచి వచ్చే మామూలు బేరింగులో ఖాళీలో మూడో వంతే గ్రీజు ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు నిండా ఉంటే గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది. కీలుకు ఆ భయం లేదు. సూది మొనతో రబ్బరు సీలును మెల్లగా లేపి, నీటికి కరగని గ్రీజును నిండా కూరాను. నీరు దూరడానికి చోటే లేకపోతే తుప్పు ఎక్కడిది?

గ్రీజుకూ మౌంటెన్ బైక్ ఆటకూ పుట్టుక నుంచీ సంబంధం ఉంది. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు. వాటివి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. ఒక్క దిగుడుకే వెనక హబ్బులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ నింపాల్సి వచ్చేది. గ్రీజు మళ్లీ నింపడాన్ని వాళ్ల భాషలో రీప్యాక్ అంటారు. ఆ పందేనికి ఆ పేరే నిలిచింది. మౌంటెన్ బైక్ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

బాక్స్: బిగింపు ఎంత?
చాలా బైకుల్లో కీలు మీదే బిగింపు అంకె రాసి ఉంటుంది, న్యూటన్ మీటర్లలో. పది సెంటీమీటర్ల పానాకు కొసన ఒక కిలో వేలాడదీస్తే వచ్చే తిప్పుడు బలం ఇంచుమించు ఒక న్యూటన్ మీటరు. అంటే 10 న్యూటన్ మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల పానా కొసన అయిదు కిలోలు. టార్క్ పానా ఉంటే ఊహించే పనే లేదు. బోల్టు మరల మీద నీలిరంగు లాక్ ద్రవం ఒక చుక్క వేయాలి. అది గాలి తగులుతుంటే ద్రవంగానే ఉంటుంది. మరల మధ్య గాలి అందని చోట, లోహాన్ని తాకుతూ గట్టిపడుతుంది. ఆ సీసాను సగం ఖాళీగా అమ్మేది కూడా ఇందుకే. లోపలి గాలే దాన్ని ద్రవంగా ఉంచుతుంది.

బేరింగుల పని అయ్యాక షాక్ బిగించకముందే వెనక త్రికోణాన్ని చేత్తో లేపి వదిలి చూడాలి. తన బరువుకు తానే సాఫీగా కిందికి దిగాలి. మధ్యలో ఆగితే ఎక్కడో ఎక్కువ బిగించామని అర్థం.

గాలిమరల దాకా

ఈ కదలని అరుగుదల సైకిళ్లకే పరిమితం కాదు. అనంతపురం జిల్లాలో కొండల మీద తిరిగే గాలిమరలను చూసే ఉంటారు. రెక్కల చక్రం తిరుగుతూనే ఉంటుంది. కానీ ప్రతి రెక్క మొదట్లో, గాలికి తగ్గట్టు రెక్క వాలు మార్చే పెద్ద బేరింగు ఒకటుంటుంది. అది కొద్ది డిగ్రీలే అటూ ఇటూ ఊగుతుంది. మనుషులు నిలబడగలిగేంత పెద్ద బేరింగుకూ, నా అరచేతిలో ఇమిడే బేరింగుకూ జబ్బు ఒక్కటే. ఇంజనీర్లు అక్కడ చేసే వైద్యాల్లో ఒకటి చాలా సాదాది. అప్పుడప్పుడు పనిగట్టుకుని రెక్కను ఎక్కువ డిగ్రీలు తిప్పి, పక్కకు పోయిన గ్రీజును మళ్లీ గోళీల కిందికి తేవడం. రుబ్బురోలు దగ్గర రెండో చెయ్యి చేసే పనే అది.

నా బైక్ నుంచి తీసిన పాత బేరింగు ఒకదాన్ని కోసి చూశాను. సీలు వెనక గ్రీజు లేదు, ఇటుకరంగు ముద్ద ఉంది. కిరసనాయిలుతో కడిగి, గాడిని ఎండలో వాలుగా పట్టి ఫోన్ కెమెరాతో దగ్గరగా తీశాను. గాడి పొడవునా వరసగా, సమాన దూరంలో, నువ్వుగింజ కంటే చిన్న మరకలు. ఒక్కో గోళీ కూర్చున్న చోటు ఒక్కోటి. బరువు పడే వైపు అవి లోతుగా, రెండో వైపు పలచగా ఉన్నాయి. వాటి మధ్య గాడి ఇప్పటికీ కొత్త అద్దంలా మెరుస్తోంది.

మీ దగ్గర కీళ్లున్న బైక్ ఉంటే, తొలకరి పడకముందే ఒక్కసారి సీటు వెనక పట్టుకుని కొద్దిగా పైకెత్తి చూడండి. వేలికి కదలిక తగిలితే బోల్టు బిగించి ఊరుకోకండి. షాక్ విప్పి బుష్ రంగు చూడండి, బేరింగును వేలితో తిప్పి చూడండి. పసుపు కనిపించినా, గరగర తగిలినా ఆ వారమే మార్చండి. మార్చేదాకా గుట్టలకు వెళ్లకండి.